హాలుకి రంగులు ఎంచుకోవడం ఎలా: షేడ్ కార్డు ఆఖరున తెరవండి

నిజాంపేటలో కొన్న ఫ్లాట్‌లోకి దిగేముందు హాలుకి లేత బూడిద రంగు వేయించాను. షేడ్ కార్డులో చూస్తే ఎంతో హుందాగా ఉంది. షాపులో కుర్రాడు కూడా "ఇప్పుడందరూ ఇదే వేయిస్తున్నారు మేడమ్" అన్నాడు. గృహప్రవేశం ముహూర్తం నెత్తి మీదికొచ్చేసింది కాబట్టి ఇంకేమీ ఆలోచించకుండా డబ్బాలు తెచ్చేశాం. రెండో కోటు ఆరిన సాయంత్రం ట్యూబులైటు వేసి చూద్దుం కదా, నాలుగు గోడలూ లేత ఊదా రంగులో ఉన్నాయి. మా అత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయి "ఏంటమ్మా, ఆసుపత్రిలా ఉంది" అన్నారు. నాకూ అలాగే అనిపించింది కానీ పైకి ఒప్పుకోలేదు.

ఆ రంగులో లోపం లేదు. మా హాలుకి వెలుతురు ఉత్తరం వైపు బాల్కనీ నుంచి వస్తుంది, నేల మీగడ రంగు టైల్స్, పైన లైట్లు నీలం కొట్టే తెల్ల లైట్లు. ఈ మూడింటి మధ్య ఆ బూడిద ఊదాగా కాక ఇంకెలా కనిపిస్తుంది! రెండేళ్లు భరించి మళ్లీ వేయించాం. తర్వాత విజయవాడలో అమ్మావాళ్ల ఇంటికి, ఆపైన మా తమ్ముడి ఇంటికి రంగులు నేనే చూశాను. ఇప్పటికి నాకు గట్టిగా తెలిసింది ఒకటే. గోడ రంగు అందరూ మొదట ఎంచుకుంటారు, అది ఆఖరున ఎంచుకోవాల్సింది. హాల్లో ఉన్నవాటిలో వేల షేడ్లలో దొరికేదీ, తక్కువ ఖర్చుతో మార్చుకోగలిగేదీ గోడ రంగే. టైల్స్ అలా కాదు, టేకు తలుపు అలా కాదు. కాబట్టి గోడే వాటికి సర్దుకోవాలి. ఏ వరసలో వెళ్లాలో కింద రాస్తున్నాను.

1. ముందు మారనివాటి లెక్క తీయండి

ఒక కాగితం తీసుకుని, హాల్లో వచ్చే ఏడెనిమిదేళ్లు మార్చేది లేదు అనుకున్నవన్నీ రాయండి. నేల, తలుపుల చెక్క, కిటికీ ఫ్రేములు, టీవీ యూనిట్ లామినేట్, కొత్తది కొనే ఉద్దేశం లేకపోతే సోఫా. వంటగది హాల్లోకే తెరుచుకుని ఉంటే వంట గట్టు గ్రానైటు, అక్కడి అరల తలుపులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. సోఫాలో కూర్చుని చుట్టూ చూడండి, కంటికి ఆనేవన్నీ హాలు కిందే లెక్క.

వీటిలో పెద్దది నేల. దాని అసలు రంగు తెలియాలంటే చిన్న పరీక్ష ఉంది. పగటిపూట లైట్లన్నీ ఆపేసి, ప్రింటర్‌లో వాడే తెల్ల కాగితం ఒకటి టైల్ మీద పెట్టండి. అప్పటిదాకా తెల్లగా ఉందనుకున్న టైల్ ఆ కాగితం పక్కన తన గుట్టు బయటపెట్టేస్తుంది. కొన్ని గులాబీ వైపు మొగ్గుతాయి, కొన్ని పసుపు వైపు, కొన్ని బూడిద వైపు. ఆ మొగ్గు ఏదో కాగితం మీద రాసుకోండి, ఇకపై అన్ని నిర్ణయాలూ దాని చుట్టూనే తిరుగుతాయి. తలుపులకూ, లామినేట్‌కూ ఇదే పరీక్ష చేయండి. పాలిష్ పట్టిన టేకు దాదాపు ఎప్పుడూ పసుపు, నారింజ వైపే ఉంటుంది. రోజ్‌వుడ్ ఎరుపు కలిసిన ముదురు గోధుమ. చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీ గ్రానైటు నల్లగా ఉన్నా, అందులో మెరిసే చుక్కలు బంగారు, రాగి ఛాయల్లో ఉంటాయి కాబట్టి అది వెచ్చటి రంగులతో బాగా కలుస్తుంది.

నియమం సులువైనదే. నేల మొగ్గు ఎటుంటే గోడ మొగ్గు కూడా అటే ఉండాలి, లేదంటే చూడగానే తేడా తెలిసేంత దూరం పోవాలి. మధ్యలో ఇరుక్కుంటే మాత్రం గొడవే. గులాబీ ఛాయ ఉన్న టైల్ మీద పసుపు ఛాయ ఉన్న మీగడ రంగు గోడ పెడితే, రెండూ ఒకటే కావాలని ప్రయత్నించి కుదరక విడిపోయినట్టుంటాయి, టైల్ మాసినట్టు కనిపిస్తుంది.

2. వెలుతురు ఎక్కడి నుంచి వస్తోందో ఒక రోజంతా చూడండి

ఈ పని ఎవరూ చేయరు, నేనూ చేయలేదు. ఊదా గోడలు వచ్చింది అందుకే.

ఉత్తరం వైపు కిటికీలున్న హాలుకి ఎక్కువగా ఆకాశం నుంచి వచ్చే వెలుతురే ఉంటుంది. అది నిలకడగా ఉంటుంది కానీ కొంచెం నీలం కలిసినది. బూడిద, తెలుపు, లేత నీలం ఈ వెలుతురులో ఇంకా చల్లబడిపోతాయి. అలాంటి హాలుకి లోపల కాస్త పసుపో, ఎరుపో ఉన్న లేత రంగులే దిక్కు. తూర్పు హాలు పొద్దున్నే బంగారంలా ఉండి మధ్యాహ్నానికి చప్పబడుతుంది. మీరు హాల్లో ఎక్కువగా ఉండేది సాయంత్రాలైతే ఆ పొద్దుటి అందం చూసి రంగు ఎంచుకోకండి. పడమటి హాలు సంగతి అందరికీ తెలిసిందే, ఏప్రిల్, మే నెలల్లో నాలుగింటికి గోడలు మండుతున్నట్టుంటాయి. అక్కడ కనకాంబరం, మామిడిపండు రంగులు వేస్తే సాయంత్రం కళ్లు తట్టుకోలేవు. దక్షిణం కిటికీలు చలికాలంలో ఎండని లోపలికి బాగా రానిస్తాయి, ఏ రంగైనా ఇట్టే ఒప్పుకుంటాయి. ఒక చిన్న విషయం, హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. కాబట్టి ఉత్తరం బాల్కనీకి కూడా ఆ రోజుల్లో ఉదయం, సాయంత్రం ఎండ తగులుతుంది. జూన్‌లో చూసి రంగు తేల్చుకుంటే డిసెంబరులో వేరేలా కనిపించడానికి అదొక కారణం.

దిక్కు ఒక్కటే చూస్తే సరిపోదు, వెలుతురు దేన్ని తాకి లోపలికి వస్తోందో కూడా చూడాలి. ఎదురు అపార్ట్‌మెంట్ గోడ పదిహేను అడుగుల దూరంలో నారింజ రంగులో ఉందనుకోండి, ఎండ దాని మీద పడి మీ హాల్లోకి నారింజ వెలుతురే వస్తుంది. కిటికీ ముందు వేపచెట్టుంటే కాస్త పచ్చగా వస్తుంది. ఇక బాల్కనీకి ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టారా, అది ఏకంగా రంగు కాగితంలా పనిచేస్తుంది. మా తమ్ముడి హాల్లో అదే జరిగింది. గోడలకి గంధం రంగు వేయిస్తే పాచి పట్టినట్టు కనిపించేది, వాడు పెయింటర్‌తో గొడవకి దిగబోయాడు. ఆ నెట్ ఒక పూట విప్పదీసి చూస్తే గోడ రంగు శుభ్రంగా ఉంది! తర్వాత నెట్ మార్చారు, గోడ జోలికి పోలేదు.

రాత్రి సంగతి పూర్తిగా మీ చేతిలో ఉంది. బల్బు పెట్టె మీద కెల్విన్ అంకె ఉంటుంది. 2700, 3000 అని ఉంటే పసుపు వెలుతురు, 4000 మధ్యస్థం, 6500 అని ఉంటే మనకి అలవాటైన తెల్ల ట్యూబులైటు వెలుతురు. మన ఇళ్లలో చాలావరకు 6500వే ఉంటాయి, పసుపు లైటు వేస్తే "ఏంటీ గుడ్డిగా ఉంది" అంటారు పెద్దవాళ్లు. వాళ్ల మాట కొట్టిపారేయకండి, చదువుకోవడానికీ బియ్యంలో రాళ్లు ఏరడానికీ వెలుతురు కావాలి. నేనైతే హాలు ప్రధాన లైట్లకి 4000 తీసుకుంటాను, ఫాల్స్ సీలింగ్ అంచుల్లో, మూల దీపాల్లో 3000 పెడతాను, రెండింటికీ వేర్వేరు స్విచ్చులు. పెట్టె మీద సీఆర్‌ఐ అనే అంకె కూడా చూడండి, ఆ వెలుతురులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పేది అదే, 80 కంటే తక్కువైతే వద్దు, 90 దొరికితే చీరల రంగులు కూడా సరిగ్గా కనిపిస్తాయి. ముఖ్యమైనది వరస: లైట్లు ముందు తేల్చుకోవాలి, గోడ రంగు తర్వాత. రంగు వేశాక లైట్లు మారిస్తే ఇంకో రంగు వేయించినట్టే.

ఇంటర్నెట్‌లో కనిపించే హాలు ఫొటోలు చూసి మోసపోయేది కూడా ఇక్కడే. వాటిలో చాలావరకు పెద్ద పెద్ద కిటికీలు, చెక్క నేల, పసుపు దీపాలు ఉన్న ఇళ్లు. అదే షేడ్ నంబరు తెచ్చి మెరిసే టైల్స్, ట్యూబులైటు ఉన్న హాల్లో వేస్తే అది ఆ ఫొటోలోలాగా ఉండదు.

3. ఇంట్లో ఉన్న ఒక బట్టని ఆధారం చేసుకోండి

రంగుల చక్రం పట్టుకుని లెక్కలు వేసేవాళ్లుంటారు, నాకు అది ఎప్పుడూ అచ్చిరాలేదు. దానికన్నా తేలిక దారి బీరువాలో ఉంటుంది. మీకు బాగా నచ్చిన చీరో, దుప్పటో, గోడకి తగిలించే బొమ్మో తీసుకోండి. దాని రంగులు కుదిరాయని నేతగాడో, అద్దకం పనివాడో ఎప్పుడో తేల్చేశాడు, ఆ కష్టం మనం మళ్లీ పడక్కర్లేదు.

అమ్మావాళ్ల ఇంటికి పెడన కలంకారీ దుప్పటి ఒకటి ముందు పెట్టుకుని పని మొదలుపెట్టాను. అందులో మీగడ రంగు ఒళ్లు, ఇటుక ఎరుపు పూలు, నల్లటి గీతలు, అక్కడక్కడా నీలిమందు నీలం, ఇంకా తక్కువగా ఆవాల పసుపు. ఏ రంగు ఎంత ఉందో కళ్లు సగం మూసి చూస్తే తెలిసిపోతుంది. మీగడ గోడలకి వెళ్లింది. ఇటుక ఎరుపు కర్టెన్లకి, దివాన్ మీది బట్టకి. నలుపు అమ్మావాళ్ల పాత చెక్క కుర్చీల్లోనూ ఫొటో ఫ్రేముల్లోనూ ముందే ఉంది. నీలం రెండే రెండు కుషన్లు, పసుపు ఒక ఇత్తడి బిందె రూపంలో మూలన కూర్చుంది. ఇత్తడి కూడా ఒక రంగే, మనవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఇంటీరియర్ డిజైనర్లు చెప్పే 60-30-10 లెక్క ఇదే. ఒక రంగు అరవై పాళ్లు, రెండోది ముప్ఫై, మూడోది పది. చీర ఒళ్లు, అంచు, బుటా అనుకోండి. అయితే అందరూ ఆ అరవైలో గోడల్నే లెక్కేస్తారు, నేలని మరిచిపోతారు. నేల కూడా అందులోదే. మూడు పాళ్లూ పక్కాగా తూకం వేయక్కర్లేదు, రెండు రంగులు చెరి సగం పంచుకుని కొట్టుకోకుండా చూసుకుంటే చాలు.

ఒక జాగ్రత్త. చీరలో అందంగా ఉన్న నిండు రంగు గోడకి యథాతథంగా ఎక్కదు. ఆరు గజాల నెమలికంఠం రంగు వేరు, ఐదు వందల చదరపు అడుగుల నెమలికంఠం రంగు వేరు. పైగా హాల్లో ఒక గోడ మీద పడిన వెలుతురు ఎదురు గోడ మీదికి, అక్కడి నుంచి మళ్లీ ఇటూ పడుతుంది కాబట్టి నాలుగు గోడలకీ వేసిన రంగు కార్డులో కన్నా చిక్కగా కనిపిస్తుంది. అందుకే కార్డులో నచ్చినదానికన్నా ఒక మెట్టు లేతది, కాస్త మసకది తీసుకోండి.

4. ఏ నేలకి ఏ గోడ: నేను చూసినవి, నచ్చినవి

మీగడ, దంతం రంగు టైల్స్. మన ఫ్లాట్లలో ఎక్కడ చూసినా ఇవే కదా. టైల్ మొగ్గు పసుపు వైపైతే గోడలకి గంధం ఛాయ ఉన్న తెలుపు, తేనె రంగు సోఫా, కర్టెన్లలో ముదురు ఆకుపచ్చ. మొగ్గు గులాబీ వైపైతే ఉల్లిపొర రంగుని బాగా పలచన చేసినట్టుండే తెలుపు తీసుకుని, పక్కన వంకాయ రంగో కాఫీ రంగో పెట్టండి. పసుపు జోలికి పోకండి. ఈ టైల్స్‌తో నీలం ఛాయ ఉన్న బూడిద మాత్రం వద్దు, ఎందుకో మీకు తెలుసు, ఊదా కథ మొత్తం చెప్పాను.

నాపరాళ్లు. తాండూరు, బేతంచెర్ల రాళ్లు వేసిన పాత ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి, కొంతమంది కొత్త ఇళ్లలో కూడా కావాలని వేయిస్తున్నారు. నీలం కలిసిన బూడిద రాయి అయితే తెల్లటి గోడ దాని మీద అద్భుతంగా ఉంటుంది, నిజంగా తెలుపు, మీగడ కాదు. వెనకటికి సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి వేసేవాళ్లు చూడండి, ఆ తెలుపు. దానికి టేకు సామాను, ఆవాల పసుపో ఇటుక ఎరుపో కొద్దిగా. పసుపు ఛాయ ఉన్న నాపరాయికి పెసర రంగు బాగా పలచనగా బాగుంటుంది, నేను ఒక ఇంట్లో చూసి రెండు రోజులు దాని గురించే మాట్లాడాను.

ఎర్ర గచ్చు. ఇది ఉన్నవాళ్లు అదృష్టవంతులు, టైల్స్ వేసి కప్పేయకండి. నేలే అంత ఎరుపుంటే గోడలు తగ్గాలి. సున్నం తెలుపు, లేదా గచ్చకాయ రంగు, అంటే పచ్చదనం కలిసిన బూడిద. ఎరుపుకి ఎదురు నిలబడేది ఆకుపచ్చే కాబట్టి కిటికీ చెక్కలకి ముదురు ఆకుపచ్చ వేస్తే అమ్మమ్మగారి ఊళ్లో ఉన్నట్టుంటుంది. ఇంటి ముందు జాజు, సున్నం పట్టీలు వేసిన గడపలు చూసినవాళ్లకి ఎరుపు, తెలుపు జోడీ గురించి నేను చెప్పక్కర్లేదు.

తెల్ల మార్బుల్, లేదా తెల్లగా మెరిసే పెద్ద టైల్స్. అన్నీ తెలుపే వేస్తే షోరూమ్‌లా ఉంటుంది. ఇక్కడ గోడ నేలకన్నా ఒక మెట్టు ముదురుగా ఉండటం నాకు ఇష్టం, తడి ఇసుక రంగు లాంటిది. మొజాయిక్ నేలైతే అందులోని రాతి ముక్కల్లోంచే ఒక రంగు ఏరుకోండి, పని అయిపోతుంది.

ఎంత లేత, ఎంత ముదురు అనే సందేహానికి ఒక అంకె ఉంది. కొన్ని షేడ్ కార్డుల్లో, కంపెనీల వెబ్‌సైట్లలో ప్రతి రంగుకీ ఎల్‌ఆర్‌వీ అని ఇస్తారు, ఆ రంగు వెలుతురులో ఎంత శాతం తిరిగి ఇస్తుందో చెప్పే అంకె. నలుపు సున్నాకి దగ్గర, తెలుపు వందకి దగ్గర. ఒక్క బాల్కనీ నుంచే వెలుతురొచ్చే హాలుకి నేను 65కి తక్కువ తీసుకోను. తీసుకుంటే పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సి వస్తుంది.

5. హైలైట్ గోడ కావాలా?

ఒక గోడకి మాత్రం ముదురు రంగు వేయడం ఇప్పుడు దాదాపు ఆచారమైపోయింది. నాకు పెద్దగా ఇష్టం లేదు, కానీ వేస్తే టీవీ వెనక గోడకి వేయండి. దానికి అర్థం ఉంది, నల్లటి టీవీ తెల్ల గోడ మీద పెద్ద కన్నంలా కనిపిస్తుంది, ముదురు గోడ మీద కలిసిపోతుంది, రాత్రి సినిమా చూస్తున్నప్పుడు కంటికీ హాయి. అయితే మెరుపున్న పెయింట్ వద్దు, లైట్లన్నీ దాని మీదే మెరుస్తాయి. కిటికీ ఉన్న గోడకి ముదురు రంగు అస్సలు వద్దు. వెలుతురు దాని వెనక నుంచి వస్తుంది కాబట్టి ఆ గోడ ఎప్పుడూ నీడలోనే ఉంటుంది, వేసిన రంగు కనిపించనే కనిపించదు.

ముదురు రంగు ఎక్కడ ఆపాలో కూడా ముందే చూసుకోండి. లోపలికి మడత పడే మూల దగ్గర ఆపాలి, బయటికి పొడుచుకొచ్చే మూల మీద ఆపితే గీత వంకరగా కనిపిస్తుంది, పైగా ఆ అంచుకే సామాను తగిలి ముందుగా పెచ్చు లేస్తుంది. హాలూ డైనింగూ కలిసే ఉంటే రెండింటికీ ఒకే గోడ రంగు పెట్టి, తేడా కర్టెన్లలో చూపించండి.

6. ఇప్పుడు షేడ్ కార్డు, ఆ తర్వాత అట్ట ముక్క

మొదటి రెండు మెట్లూ చేసి ఉంటే ఈపాటికి షేడ్ కార్డులో మీరు చూడాల్సింది ఒకటో రెండో పేజీలే. అందులోంచి మూడు షేడ్లు ఏరండి, ఐదూ ఆరూ వద్దు. కార్డులో ఒకే పట్టీ మీద లేత నుంచి ముదురుకి వరసగా రంగులుంటాయి కదా, పైనున్న లేత రంగు అసలు ఎటు మొగ్గుతుందో తెలియాలంటే అదే పట్టీలో అడుగున ఉన్న ముదురు రంగు చూడండి. నా బూడిద పట్టీ అడుగున ఉన్నది ముదురు ఊదా! ఆ రోజు ఒక్క అంగుళం కిందికి చూసి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

మూడింటికీ దొరికే అతి చిన్న డబ్బాలు కలిపించుకోండి. గోడ మీద అక్కడక్కడా పూయకండి, పాత రంగు పక్కన కొత్త రంగు ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది. రెండడుగులు, మూడడుగుల దళసరి తెల్ల అట్టలు మూడు తీసుకుని, చుట్టూ రెండంగుళాలు తెలుపు వదిలి, రెండేసి కోట్లు వేసి పూర్తిగా ఆరనివ్వండి. తడిగా ఉన్నప్పుడు ఎమల్షన్‌లోని, అంటే నీళ్లు కలిపి వేసే గోడ పెయింట్‌లోని జిగురు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక అది పారదర్శకమవుతుంది, కాబట్టి రంగు తడిమీద లేతగా, ఆరాక ముదురుగా కనిపిస్తుంది.

ఆ అట్టల్ని నిలబెట్టి చూడండి, చేతిలో పడుకోబెట్టి కాదు. ఒకసారి కిటికీ ఎదురు గోడకి, ఒకసారి కిటికీ ఉన్న గోడకే, ఒకసారి సోఫా వెనక, ఒకసారి కింద స్కర్టింగ్‌కి ఆనించి టైల్ పక్కన. ఉదయం ఎనిమిదింటికి, మధ్యాహ్నం, సాయంత్రం ఐదున్నరకి, రాత్రి లైట్లన్నీ వేసి. రెండు రోజులు అలా తిప్పితే ఒకటి తనంతట తానే తప్పుకుంటుంది. మిగతా రెండింటిలో ఏదో తేలకపోతే రాత్రి బాగున్నది తీసుకోండి, ఉద్యోగాలు చేసేవాళ్లం హాలు చూసేదే రాత్రిపూట. ఫోన్‌లో ఫొటో తీసి అమెరికాలో ఉన్న అక్కకి పంపి అడగడం మాత్రం దండగ, ఫోన్ కెమెరా రంగుల్ని తనకి తోచినట్టు దిద్దేస్తుంది.

7. ఇంట్లోవాళ్లతో

వాస్తు ప్రకారం ఈ దిక్కు హాలుకి ఈ రంగు అని ఎవరో ఒకరు అంటారు. వాదించకండి, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. వాళ్లు చెప్పిన రంగు గోడకి కుదరకపోతే పది పాళ్ల వాటాలో ఇవ్వండి, కుషన్లు, కర్టెన్ అంచు, కుండీలు. లేదా ఆ రంగు ఛాయ ఉన్న తెలుపు తీసుకోండి. పసుపు కావాలంటే పసుపు ఛాయ తెలుపు, ఆకుపచ్చ కావాలంటే ఆ ఛాయ తెలుపు. మా అత్తయ్యతో ఇలాగే రాజీ కుదిరింది, ఆవిడ ఇప్పుడు వచ్చినవాళ్లకి "పసుపే వేయించాం" అని చెబుతారు, నేను మీగడ అంటాను. పిల్లల్ని మాత్రం మూడు అట్టల దగ్గరే అడగండి, షేడ్ కార్డు ఇవ్వకండి.

అద్దె ఇల్లైతే ఇదంతా పెద్దగా అక్కర్లేదు. ఓనరు వేయించిన తెలుపో మీగడో అలాగే ఉంచి, కర్టెన్లు నేల దాకా వేలాడేలా పొడుగ్గా కొనండి. అవి ఎంత జాగా ఆక్రమిస్తాయంటే గోడ రంగు సగం మరిచిపోతారు.

8. కొనేటప్పుడు, వేసేటప్పుడు

గోడలో చెమ్మ ఉంటే ముందు అది బాగుచేయించాలి, ఎంత ఖరీదైన రంగైనా చెమ్మ మీద పెచ్చులుగా లేస్తుంది. కొత్త ప్లాస్టరింగైతే కనీసం 28 రోజులు వదిలేయాలి. వానాకాలంలో వీలైతే పెట్టుకోకండి.

మెరుపు సంగతి. మెరుపు ఎక్కువున్న పెయింట్ కడగడానికి బాగుంటుంది కానీ లప్పం సరిగ్గా పెట్టకపోతే గోడలోని ప్రతి ఎత్తుపల్లాన్నీ చూపిస్తుంది, ముఖ్యంగా కిటికీ పక్క గోడల మీద. మ్యాట్ అన్నీ దాచేస్తుంది కానీ స్విచ్‌బోర్డు చుట్టూ చేతి మరకలు, సోఫా వెనక తల నూనె మరకలు అంత తొందరగా వదలవు. హాలుకి రెండింటి మధ్యలో ఉండే తక్కువ మెరుపుది, కడగడానికి వీలున్నది అడగండి. సీలింగ్‌కి మ్యాట్ తెలుపు చాలు, అయితే గోడ మీగడ అయినప్పుడు సీలింగ్ మరీ నీలం కొట్టే తెలుపు కాకుండా చూసుకోండి.

ఎంత పెయింట్ కావాలో మీరే లెక్క వేసుకోవచ్చు. 12 అడుగులు, 18 అడుగుల హాలు, ఎత్తు 10 అనుకుంటే చుట్టుకొలత 60, గోడలు మొత్తం 600 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు, బాల్కనీ ద్వారం తీసేస్తే 500 దాకా మిగులుతుంది. లీటరుకి రెండు కోట్లు ఎంత వస్తుందో డబ్బా మీద ఉంటుంది. 100 అని ఉంటే ఐదు లీటర్లు సరిపోవాలి, గోడ పీల్చుకునేదానికి ఇంకో లీటరు కలపండి. మనం ఇరవై లీటర్ల డబ్బా తెచ్చి సగం బాల్కనీలో ఎండబెట్టుకునే అలవాటు మానుకోవచ్చు. అయితే ఎరుపు, నిండు పసుపు లాంటివి కింది రంగుని తొందరగా కప్పవు, మూడో కోటు పడుతుందని ముందే అనుకోండి.

హాలుకి కావాల్సినదంతా ఒకేసారి, ఒకే బ్యాచ్ బేస్‌లో, అంటే షేడ్ కలపకముందు ఉండే మూల పెయింట్‌లో కలిపించండి. మధ్యలో తక్కువై మళ్లీ కలిపిస్తే అదే నంబరైనా వెంట్రుకవాసి తేడా రావచ్చు, అది గోడ మధ్యలో పట్టుబడుతుంది. రెండు డబ్బాలు వస్తే మేస్త్రీతో చెప్పి పెద్ద బకెట్‌లో రెండూ కలిపించండి. మూత మీద మెషిన్ అంటించే స్టిక్కర్‌ని వెంటనే ఫొటో తీసుకోండి, రెండేళ్ల తర్వాత ఆ నంబరు ఎవరికీ గుర్తుండదు.

మొదటి కోటు వేశాక హాలు చూసి కంగారు పడటం అందరికీ జరుగుతుంది. మచ్చలు మచ్చలుగా, కార్డులో ఉన్నదానికి సంబంధం లేకుండా ఉంటుంది. మా మేస్త్రీ అయితే మొదటి కోటు రోజు ఓనర్లని రావద్దనే చెబుతాడు, "రేపు సాయంత్రం రండమ్మా, లైట్లేసి చూద్దురుగాని" అని. రెండో కోటు ఆరి, నేల మీద కప్పిన పాత బట్టలు తీసేసి, సోఫా తన చోటికి వచ్చాకే రంగు గురించి మాట్లాడండి. అన్నీ అయ్యాక మిగిలిన పెయింట్ ఒక పావు లీటరు, గట్టి మూతున్న ఖాళీ ఊరగాయ సీసాలో పోసి, పైన షేడ్ నంబరు, తేదీ రాసి, ఎండ తగలని అటక మీద పెట్టుకోండి. మేకు పీకిన కన్నం పూడ్చినప్పుడు, పిల్లాడు సైకిల్ తెచ్చి గోడకి గుద్దినప్పుడు ఆ సీసాయే కావాలి. ఊరగాయ అనుకుని ఎవరూ మూత తీయకుండా మాత్రం చూసుకోండి, మా ఇంట్లో ఒకసారి తీశారు.